నొక్కితే తెల్లబడని ఎరుపు

యాకిమా లోయలో, రైలు పట్టాల పక్కన, యాపిల్ షెడ్డు.
రాత్రి పదింటికి బెల్టు కదిలితే
తెల్లారి ఆరింటికి గానీ ఆగదు.
నా పని మచ్చలు పట్టడం.
బొటనవేలంత మేర కమిలితే చాలు,
పక్కకి తోసెయ్యడం.
పదకొండేళ్ళు తోశాను.

"నలభై దాటాక నర్సు చదువేంటి ఒఫీలియా?" అన్నాడు
మా షిఫ్టు పెద్ద ఎలీసియో.
వినబడనట్టే ఉన్నాను.
చెవుల్లో దూది, లోపల మణికట్టు ఎముకల వల్లెవేత.
ఎనిమిది ఎముకలు నోటికి రాక
ఎనిమిది యాపిళ్ళ పేర్లు అంటగట్టాను వాటికి.
ఇప్పటికీ నా కుడిచేతిలో, బొటనవేలి మొదట్లో,
ఒక ఫూజీ ఉంటుంది.

అనాటమీ ఒకసారి తప్పాను.
రెండోసారి గట్టెక్కాక
వెయిటింగ్ లిస్టులో యాభై ఎనిమిదో నంబరు.
మూడు చలికాలాలు.
నంబరు తగ్గిందేమోనని కాలేజీకి ఫోన్ చేసీ చేసీ
ఆఫీసులో అమ్మాయికి నా గొంతు తెలిసిపోయింది,
"ఇంకా లేదు హనీ," అనేది, నేను పేరు చెప్పకముందే.

ల్యాబులో మొదటిరోజు తలా ఒక నారింజ ఇచ్చారు.
దాని తొక్క మనిషి చర్మంలా ఉంటుందట, సూది గుచ్చమన్నారు.
నవ్వు ఆపుకోలేకపోయాను.
లోయ లోయంతా యాపిళ్ళు కాస్తుంటే
సూది నేర్చుకోడానికి
కాలిఫోర్నియా నుంచి పండు దిగాలా?

ఇక మందుల లెక్కలు.
ఆ పరీక్షలో నూటికి నూరే, తొంభై తొమ్మిది కుదరదు.
చుక్కకి ముందు సున్నా పెట్టడం మర్చిపోయింది బ్రైడీ టోలెఫ్సన్.
అది మూడో ప్రయత్నం.
ఆ రోజు నా కారులోనే ఇంటికొచ్చింది, ఏడవలేదు,
హీటర్ పనిచెయ్యట్లేదని మాత్రం రెండుసార్లు అంది.
దాని ఊదారంగు స్టెతస్కోపు వెనక సీట్లో ఉండిపోయింది.
ఇచ్చెయ్యాలి.
ఇచ్చెయ్యాలనే అనుకుంటున్నాను, ఏడాదిగా.

ఇంట్లో నా రోగి యారెట్సీ, పదమూడేళ్ళది.
సోఫా మీద వాలిపోయి రోజుకో జబ్బు తెచ్చుకునేది,
నేను లక్షణాలు అడిగి పట్టుకోవాలి.
ఒక రాత్రి, "నాకేం జబ్బు లేదమ్మా,
నువ్వు ఇంట్లో ఉండట్లేదు, అంతే," అంది.
నా కార్డుల కట్టలో ఆ కార్డు లేదు.
ఏం చెయ్యాలో తోచక బీపీ చూశాను.
నూట ఎనిమిది, అరవై ఎనిమిది.
రాసుకోలేదు. అయినా మర్చిపోలేదు.

రెండో ఏడు, ఆసుపత్రి మూడో అంతస్తు.
పక్షవాతం వచ్చిన ఆస్ట్రాండర్ గారికి ఎనభై నాలుగేళ్ళు,
మాట లేదు, చూపు మాత్రం మనతోపాటే తిరుగుతుంది.
చర్మం బాగానే ఉందని చార్టులో ఉంది.
స్నానం చేయిస్తూ పక్కకి తిప్పాను.
ఎడమ మడమ మీద ఎరుపు,
వేలిముద్రంత.
నొక్కాను. తెల్లబడలేదు.
మళ్ళీ నొక్కాను.

హాల్డర్సన్ మేడం కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది,
చాలాసేపు చూసింది.
"ఇంత తొందరగా పట్టడం ఎవరు నేర్పారు నీకు?"
బెల్టు, అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు. నేనూ విప్పి చెప్పలేదు.
షెడ్డులో అయితే ఈపాటికి తోసేసి ఉందును,
చెయ్యి అలవాటుగా కదిలింది కూడా.
ఆ కదిలిన చేత్తోనే పిక్క కింద దిండు దోపి
మడమ గాల్లో ఉండేలా ఎత్తిపెట్టాను.
ఆయన చూపు నా చేతి వెంటే వచ్చింది.

లైసెన్సు పరీక్షలో ఎనభై ఐదో ప్రశ్న దగ్గర
తెర నల్లబడింది.
గెలిచిన వాళ్ళకీ అక్కడే ఆగుతుందట, ఓడిన వాళ్ళకీ.
ఫలితానికి రెండురోజులు.
అద్దె మాత్రం ఆగదు కాబట్టి ఆ రెండు రాత్రులూ షెడ్డుకే.

ఇప్పుడే జేబులో ఫోన్ వణికింది.
చేతికి గ్లవ్స్, బెల్టు ఆగడానికి ఇంకా నలభై నిమిషాలు.
ఎలీసియో ఇటే చూస్తున్నాడు.
ఎదురుగా ఒక గాలా వచ్చింది, తొడిమ పక్కన చిన్న కములు.
తియ్యడానికి చెయ్యి చాపి
ఎందుకో, ఏప్రన్ జేబులో వేసుకున్నాను.