చిప్పతో సహా

వాల్రస్ పొట్ట కోస్తే
ముందు ఆవిరి వస్తుంది.
తరువాత వాసన.
ఆ తరువాత విక్విన అత్త చెయ్యి లోపలికి పోతుంది
మోచేతి దాకా,
దీపం ఆరిన ఇంట్లో
అగ్గిపెట్టె ఎక్కడుందో తెలిసిన చెయ్యిలా.

అత్తకి చూపు పోయి ఆరేళ్ళు.
గులకరాళ్ళ ఒడ్డు. ఆగస్టు చలి.
జలసంధికి అవతల అలాస్కా ఉందంటారు,
ఇవాళ పొగమంచు మాత్రమే ఉంది.
ఇనప బేసిన్ పట్టుకుని నేను.
దోసిళ్ళకొద్దీ తీసి పోస్తోంది
ఒలిచిన ఆల్చిప్పల మాంసం,
నారింజరంగు, నాలుకల్లాగా.
పెంకు ముక్క లేదు, ఇసుక రేణువు లేదు.
ఏ వంటింట్లోనూ ఇంత శుభ్రంగా ఒలవరు.

"ఎవరు ఒలిచారవ్వా?" అంది
మా అన్న కూతురు ఎత్తినే.
"ఇదే."
"దంతాలతోనా?"
"అవి మంచు పలక ఎక్కడానికి,
పక్కవాడికి చూపించుకోడానికి.
తిండికి కాదు."

అత్త కళ్ళు మూసుకుంది,
మూసినా తెరిచినా ఒకటే అయినా.
"అడుగున బురద లేస్తే పగలూ రాత్రే.
కళ్ళు పైకొచ్చాక పనికొస్తాయి.
కింద చూసేవి మీసాలు.
నాలుగు వందల పైమాటే.
దేనికదే ఒక వేలు."
తల కింది బండ మీద వాల్చి
మూతి ముందుకు జరుపుకుంటూ పోయింది,
నేల చదువుతున్నట్టు.

సత్తు గ్లాసు అందుకుని
బుగ్గలనిండా సముద్రం పట్టి
ఇసుక బకెట్లోకి ఊదింది.
గుంట పడింది.
కుడి చేత్తో విసిరింది, ఇసుక పక్కకి పోయింది.

ఎక్కువసార్లు కుడి తెడ్డే ఆడిస్తాయట.
నిరుడు కెమెరా పట్టుకొచ్చిన గ్లేబ్
అదేదో కనిపెట్టినట్టు చెప్పాడు.
"కుడి జబ్బ ఎముక పొడుగు కదయ్యా,
కోసే చేతికి తెలీదా?" అంది అత్త.
నాది ఎడమచేతి వాటం.
వాల్రస్‌గా పుడితే పస్తులే.

"ఇప్పుడు చూడు"
నిన్నటి గాలి ఒడ్డుకి విసిరిన ఆల్చిప్పని
పెదవుల మధ్య బిగించింది.
"కొరకడం లేదు. నమలడం లేదు.
నాలుక ఒక్కసారి వెనక్కి,
సిరంజి లాగినట్టు.
లోపలున్నది ఊడి గొంతులోకి.
పెంకు అక్కడే, అడుగునే.
ఒక్క మునకలో యాభై.
ఊపిరి అయిపోయేలోగా."
పీల్చింది.
బుగ్గలు లోపలికి పోయాయి,
మెడ నరాలు తేలాయి, ముఖం కందింది.
చిప్ప చలించలేదు.
ఉమ్మేసి, పళ్ళు లేని నోటితో
పొట్ట పట్టుకుని నవ్వింది.
"అరవై ఏళ్ళుగా దాని ఎంగిలి తింటున్నాను,
ఒక్కటీ పీల్చలేకపోయాను!"

బేసిన్ నిండబోతుంటే
అత్త చెయ్యి లోపల ఆగింది.
నవ్వూ ఆగింది.
తీసింది:
నిండు చిప్ప. మూసినది మూసినట్టే.

చాలాసేపు వేలితో దాని అంచు తడిమింది.
"ఇది పెంకు మింగే జంతువు కాదు," అంది.
"ఆఖరిది అయ్యుంటుంది.
ఒలిచే తీరిక లేకపోయింది.
మీ మోటారు విన్నది."

అన్న ఓమ్రీన్ కత్తి కడుగుతున్నాడు.
తల తిప్పకుండానే
"గాలి మా వైపే ఉంది," అన్నాడు,
ఎవరూ అడగకపోయినా.

మాంసం వేడిగా ఉండగానే తిన్నాం,
ఉప్పు అక్కర్లేదు, ఉప్పులోంచే వచ్చింది.
అత్త రెండు తిని చాలంది.
ఎత్తినే ఆ చిప్పని చెవి దగ్గర పెట్టుకుని
వింటూ కూర్చుంది.
సన్నటి సందు తెరుచుకుని
చిట్టి ధార ఒకటి
దాని చెంప మీద చిమ్మింది.

"అవ్వా, ఇది ఊదింది!"

"నీళ్ళలో వెయ్యి," అంది అత్త,
"లోతుగా. కుడి చేత్తో."