చీకటి గదిలో వేరు

ఉమెయోలో మధ్యాహ్నం రెండింటికే పొద్దు గుంకింది.
ఇంగెయార్డ్ తలుపు సందులో నల్లగుడ్డ కుక్కి
కెమెరా పక్కన కూచుంది.

వేలెడైనా లేని మొలక.
అందులో చావు కబురు మోసే జన్యువుకి
మిణుగురు జన్యువొకటి ముడేసింది.
కబురు కదిలితే ఇది వెలగాలి.

మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి
కెమెరాని తిట్టింది.
మూడో రాత్రి, గడియారం ప్రకారం తెల్లవారుజామున,
వేరు నడుమ
ఆవగింజలో అరవయ్యో వంతు వెలుగు.

బతికున్న కణమే వెలిగించగలదు దీన్ని.
వెలుగుతూనే ఇల్లు ఖాళీ చేస్తోంది,
గోడలు మాత్రం గట్టిపరిచి
లోపలిదంతా తనే కరిగించుకుంటూ.
ఆరిపోయాక మిగిలేది గొట్టం.

నాలుగూ పదిహేడు, అని రాసుకుంది.
చేతులు వణికాయి, చలికే కావచ్చు.

బయట మంచులో బర్చ్ చెట్లు,
పోయినవాళ్ల గొంతుల్లోంచే
నీళ్లు ఎక్కించుకునే చెట్లు,
ఏప్రిల్ దాకా ఆగుతున్నాయి.