ఇరవై ఒక్క వేల గీత

రణస్థలం సెంటర్లో
పైడిభీమవరం కంపెనీ బస్సు దిగేసరికి తెల్లారిపోతుంది.
ఒంటికి పట్టిన సాల్వెంటు వాసన
నాకంటే ముందే ఇల్లు చేరుతుంది.
దమయంతి తలుపు తీస్తూ అడిగింది:
"కాయితం ఇచ్చీసినావా?"

ఇచ్చేశాను.
డ్రయ్యర్ సెక్షన్లో పదకొండేళ్లు.
జీతం ఇరవై వేల మూడొందలు.
ఈ నెల నుంచి పెంచుతామన్నది తొమ్మిదొందలు.
కూడిక మీరే వేసుకోండి.
ఇరవై ఒక్క వేలు దాటితే
ఈఎస్ఐ కార్డు ఇక నాది కాదు.
ఆ గీతకి అవతలున్నవాడు
జబ్బుని సొంతంగా కొనుక్కోగలడని లెక్క.

"ఇన్‌ఛార్జి పని చేస్తాను సార్,
జీతం మాత్రం పెంచకండి."
వర్ధన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.
ఇరవయ్యేళ్ల సర్వీసులో
ఇలాంటి అర్జీ చూడలేదన్నారు.
తర్వాత చాలా సంతోషంగా సంతకం పెట్టారు.

క్యాంటీన్లో సీపాన దాలినాయుడు నవ్వాడు:
"ఏటి బావా, డబ్బులు సేదెక్కిపోనాయేటి నీకు?"
వాడికి వాల్వు తిప్పడం నేర్పింది నేనే.
వచ్చే నెల వాడు అచ్యుతాపురం వెళ్తున్నాడు, ముప్ఫై వేలకి.
నన్నూ రమ్మన్నారు.
అక్కడ ప్రైవేటు ఇన్సూరెన్సంట, ఏడాదికి మూడు లక్షలు.
మూడు లక్షలంటే
మావాడి రక్తానికి దసరా దాకా వస్తాయి.
దసరా తర్వాత దీపావళి ఉంటుంది కదా.

మావాడు గీతేష్, మూడో తరగతి.
పడితే వాడు ఏడవడు, మేం ఏడుస్తాం.
మోకాలు లోపల్లోపలే నిండి
పొద్దుటికి నేరేడుపండు రంగుకి వస్తుంది.
ఫ్యాక్టర్ ఎయిట్ సీసాలు
ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంటాయి.
వాటి మీది ధర
నేనెప్పుడూ పైకి చదవలేదు.

నిన్న హోంవర్కు: రెండిట్లో ఏది పెద్దది?
మొసలి నోరు
పెద్ద అంకె వైపు తెరవాలంట.
"నువ్వు రాసీ నాన్నా" అని పెన్సిలిచ్చాడు.
కాసేపు
ఎటు తెరవాలో తోచలేదు.

నెలకోసారి మల్కాపురం ఆస్పత్రి.
తిరుగు బస్సులో వాడు నా ఒళ్లోనే నిద్రపోతాడు.
తగరపువలస దాటాక
ఏ గతుకు ఎక్కడుందో నా తొడలకి తెలుసు.
ఒక్కోటి రాకముందే
రెండు చేతులతో వాణ్ని పైకి లేపుతాను.

ఎక్కువ లేపను.
బెత్తెడు.