రెండో నంబరు

"బండి యాడికి పోవాల?" అంటే
"యాడికికే" అన్నాడు సుంకన్న.
తాడిపత్రిలో ఎప్పుడూ నవ్వొచ్చే మాటే,
ఈసారి ఎవురూ నవ్వలే.
రేపు రాత్రి అక్కడ ఊరేగింపు.

యాభై ఎనిమిది నాటి ఫియట్టు.
రోడ్డెక్కి ఉరికితే బాగానే ఉంటాది,
పెండ్లినడకకు దిగినప్పుడే దగ్గు.
పోయిన వారం పెద్దపప్పూరులో
దగ్గు దగ్గుకూ పెండ్లికొడుకు తల
ముందుకూ ఎనక్కూ ఊగి
బాసికం ముక్కు మీదికి జారిందంట.
తాగినాడనుకున్నారంట జనం.

హుసేనప్ప ఎడమచెవిని క్వారీలో తూటా తినేసింది.
కుడిచెవీ అంతంతే.
పొగగొట్టం కాడ గొంతుక్కూర్చొని
అరచెయ్యి అడ్డం పెట్టినాడు.
"నాలుగు దెబ్బల్లో ఒకటి రావడంలే.
యాది రావడంలేదో చెయ్యి చెప్పదు."

పాయింట్ల సందు కొలిచే రేకు మా కాడ లేదు.
సుంకన్న జేబులో పెండ్లిపత్రిక అంచు చించి
మధ్యలో దూర్చి చూసినాడు.
సందు సరిగ్గానే ఉంది.
కండెన్సరు మార్చినాం.
దగ్గు మారలే.

చేతికి గుడ్డ చుట్టుకొని
ఒక్కో ప్లగ్గు వైరు పీకినా.
ఒకటోది పీకితే ఇంజను తూలింది.
మూడోది పీకితే ఆగబోయింది.
నాలుగోదీ అంతే.
రెండోది పీకినా,
ఏమీ కాలే.
అది లేదన్న సంగతి
మిగతా మూడింటికీ ఎప్పుడో అలవాటైపోయింది.

"దొరికినాడు!" అని అరిచినా.
"దొరికింది సచ్చినోడు,
సంపినోడు గాదు" అన్నాడు హుసేనప్ప.

ప్లగ్గు మార్చినాం. వైరు మార్చినాం.
రాళ్ల ఫ్యాక్టరీల్లో కోత ఆగింది,
తెల్లదుమ్ము నిమ్మళంగా దిగుతాంది.
"షట్టరు సగం దించు. లైటార్పు."

అప్పుడు కనపడింది.
డిస్ట్రిబ్యూటరు మూత మీద
రెండో గూట్లోంచి ఇనుప క్లిప్పు దాకా
వెంట్రుకంత నీలం గీత,
పుడతా, సస్తా, పుడతా.
"నిప్పు యాడికీ పోలేదురా,
దగ్గిర దోవ పట్టింది."
పని అయిపోయింది గానీ
ఇంకొంచేపు లైటు వెయ్యమనలేదు.
నేనూ అడగలే.

తెల్లారి చూస్తే పెన్సిలు గీతంత బీట,
లోపలంతా మసి.
బ్లేడుతో గీకి, పెట్రోలుతో తుడిచి,
పక్క టైలరంగడి ఖాజాబీని గోళ్లరంగు అడిగినా.
రెండు పూతలు తనే పూసింది,
తన చిటికెనగోటికీ ఒక పూత.
"దాన్ని ముట్టుకోవాకు,
నా గోరు ఆరితే అదీ ఆరినట్టే."

ఆరిందని గోరు చూపించినాక
ఇంజను లేపినాం.
హుసేనప్ప నా మణికట్టు పట్టి
పొగగొట్టం కాడికి లాగినాడు.
అరచేతికి వెచ్చగా
ఒకటి, మూడు, నాలుగు,
రెండు.

సుంకన్న డబ్బులు లెక్కపెడతా
"ఈ రంగుతో యాడిదాకా వస్తాది?" అన్నాడు.
"యాడికి దాకా.
మళ్లొచ్చేదానికి నాకు పూచీ లేదు.
బెంగళూరు నుంచి కొత్త మూత తెప్పియ్."