చెయ్యి పట్టేంత

ఫారంలో పదకొండో గడి:
ఆచరణ సాధ్యత, పదికి ఎంత?
మిగతా పదీ నింపేశాను.
బాలానగర్ షెడ్డు, రేకుల కప్పు, మే నెల.
నా చేతిలో పెన్నుకి కూడా చెమట పట్టింది.

శ్రీరామోజు వేదవతి
గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ చెప్పింది:
"చిన్న కారుకు సార్. సిలిండరొక్కటే.
అటొక పిస్టన్ ఇటొక పిస్టన్.
పొట్టేళ్ళ లెక్క ఎదురెదురుగ ఉరికొచ్చి
వెంట్రుకవాసిల ఆగి
వెనక్కి మళ్ళుతయి.
హెడ్డు లేదు. వాల్వులు లేవు.
లేనిది చెడిపోదు కద సార్."

ఆ మాట నాకు నచ్చింది.
నచ్చిన మాటలంటేనే నాకు భయం.
ముప్పై ఏళ్ళు ఇంజన్లకు మార్కులేశాను,
కాగితం మీద నడవని బండిని
ఇంతవరకూ చూడలేదు.

లెక్కలు చూశాను. తప్పు లేదు.
డైనమోమీటర్ ముల్లు చూశాను. బొంకలేదు.
లీటరుకి ముప్పై ఒకటి.
కానీ ముల్లుకి ఊరు తెలీదు.
లక్డీకాపూల్ దగ్గర
ఫస్ట్ గేరుకీ న్యూట్రల్‌కీ మధ్య
నలభై నిమిషాలు ఉడకడం తెలీదు.
జూలైలో మలక్‌పేట బ్రిడ్జి కింద
సైలెన్సర్ మునిగేదాకా లేచే నీళ్ళు తెలీదు.
ఆరాంఘర్ దాటాక, అర్ధరాత్రి,
ముఖం తెలియని బంకులో పోయించుకున్న పెట్రోలు
తనతో ఎవరెవర్ని వెంటబెట్టుకొస్తుందో
అసలే తెలీదు.

అందుకే ఖలీల్‌ని పిలిపించాను.
బహదూర్‌పురాలో ఖార్ఖానా.
ఎడమ చేతికి చిటికెన వేలు లేదు,
ఒక అంబాసిడర్ ఫ్యాను తీసుకుంది.
"బాకీ ఉంటి, ఇచ్చేసిన" అంటాడు.

అతను లెక్కలడగలేదు.
కిరాయికి ఇల్లు చూసేవాడిలా
ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి,
అక్కడక్కడా వేలి కణుపుతో తట్టి,
మోకాళ్ళ మీద కూచొని చెయ్యి లోపలికి పోనిచ్చాడు.
మణికట్టు దగ్గర ఆగిపోయింది.

"ప్లగ్గు ఎక్కడుంది బేటీ?"
"నడుమల, భాయ్. రెండు పిస్టన్ల మధ్యల."
"మరి నేనెట్ల పోవాలె ఆడికి?"

కూలర్ చప్పుడొక్కటే.

"ఇంజన్ దించాలె," అంది, నేలకేసి.
"నూట యాభై రూపాయల ప్లగ్గుకా?"
గొంతులో వెక్కిరింత లేదు.
ఉంటే బాగుండేది.
"రాత్రి రెండింటికి, వానల,
టార్చి పండ్ల మధ్య పట్టుకొని
నేనొక్కణ్ణే ఉంట బేటీ.
నువ్వుండవు."

పెన్ను మూసి పెన్సిల్ తీశాను.
మూడు వేశాను.

ఆమె వాదించలేదు.
ఒక అట్టముక్క తెచ్చి నేల మీద పరిచి
"భాయ్, చెయ్యి పెట్టుండ్రి," అంది.
సుద్దతో చుట్టూ గీసింది.
లేని వేలి దగ్గర ఒక్క క్షణం ఆగి,
దాన్ని కూడా గీసింది,
ఇంకొకరికి ఉంటుంది కదా అని.

పంతొమ్మిది రోజులకు కబురొచ్చింది.
గాలి గొట్టాన్ని వంచేసింది.
పక్కన ఒక సందు.
ముప్పై ఒకటి కాస్తా ఇరవై ఎనిమిదిన్నర.
"రెండున్నర పోయింది సార్,"
గాజులు తాకట్టు పెట్టి వచ్చిన వాళ్ళు
రశీదు చూపించినట్టు చెప్పింది.

ఖలీల్ చెయ్యి మణికట్టు దాటింది.
మోచేతి దాకా పోయింది.
కళ్ళు మూసుకొని తిప్పాడు.
ప్లగ్గు అరచేతిలోకొచ్చింది,
నల్లగా, ఇంకా వెచ్చగా.
మళ్ళీ బిగించి, ముంజేతి మీద సన్నటి గీరు చూసుకొని
"ఈ అంచు కోస్తుంది. ఆకురాయి పెట్టు," అన్నాడు.
అతని మెచ్చుకోలు అంతే.

స్టార్ట్ చేశారు.
ఖలీల్ తన చాయ్ గ్లాసు ఇంజన్ మీద పెట్టాడు.
చాయ్ ఒలకలేదు.
ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం చాలాసేపు.
మీగడ కట్టబోతుంది, చెదిరిపోతుంది,
మళ్ళీ కట్టబోతుంది.
వణుకు ఎక్కడో ఇంకా మిగిలే ఉంది.
మలక్‌పేట నీళ్ళు సరేసరి.

మూడు చెరిపాను. కాగితం కొద్దిగా లేచింది.
ఐదున్నర వేశాను.
ఆ అర ఎందుకని కమిటీ అడుగుతుంది.
అప్పటికి ఆలోచిస్తాను.