అబేట్ అయింది

పెనుమూరు బస్సు దిగి
నేరుగా నా రేకుల షెడ్డుకే వచ్చింది కన్నెమ్మ.
కోర్టు నకలు నా ముందు పరిచి
ఒక మాట మీద వేలు ఆనించి
"దీన్ని తెలుగులో చెప్పు నాయినా" అనింది.

చిత్తూరు కోర్టు గేటు పక్కన
ముప్పై ఏళ్లుగా టైపు కొడతా ఉండాను.
ఈ మాట నా వేళ్లకి తెలుసు,
నాలిక్కే తెలీదు.

నిన్ననే కొట్టినాను, మునిసిపాలిటీ నోటీసులో:
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక కాలవ కంపుని
ఏడు దినాల్లో అబేట్ చెయ్యాలని.
కంపు అయితే పోగొట్టడం.
కౌలు అయితే తగ్గించడం.
నిఘంటువు అడుగున నలిగిన పాత అర్థం, కొట్టి కూలదొయ్యడం.
మనిషి పోయి, తొంభై రోజుల్లో
వారసుల పేర్లు ఎక్కకపోతే
దావా కూడా అబేట్ అవుతుంది.

దావాకి ఏం మాట చెప్పేది?

మన దగ్గర దేనికి దానికే ఒకటుండాది.
వాన వెలుస్తుంది.
జొరం విడుస్తుంది, వరద తీస్తుంది,
నొప్పి నిమ్మళిస్తుంది,
కోపం ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది.
దీపాన్నయితే కొండెక్కిందంటాం, ఆరిందని నోరు రాక.
దొరలు ఇన్ని కుండలకీ
ఒక్క మూతే చేయించుకున్నారు.

సర్కారు పదకోశం తీసినాను.
ఉపశమించుట, అని ఉంది.
"వ్యాజ్యం ఉపశమించిందంటమ్మా."
కన్నెమ్మ నవ్వలేదు, ఏడవలేదు.
"ఎవురికి?" అనింది.

పందొమ్మిదేళ్లు. బావిలో మూడో వంతు నీళ్లు.
చెంగల్రాయుడు ప్రతి వాయిదాకీ
ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు.
కేసు పిలిస్తే ఉత్త టీ,
వాయిదా పడితే మసాలా దోసె.
దోసెలే ఎక్కువ తిన్నాడు.
ఆయన పోయినాక దినాలు, మరణ సర్టిఫికెట్టు,
అందులో ఇంటిపేరు తప్పు, ఆ తప్పుకి మళ్లీ అర్జీ.
ఇంతలోనే తొంభై దాటిపోయినాయి.

నోటరీ బోర్డు కిందనించి
ప్రతివాది దొరసామి, సొంత మరిదే, లేచి వచ్చినాడు.
"అయితే నేను గెలిచినట్టేనా సామీ?"
గెలవలేదన్నాను.
"ఓడినానా?"
అదీ లేదు. ఆడతా ఉండగా
బంతి బావిలో పడిపోయింది, అంతే.
పందొమ్మిదేళ్లు మోసిన ఫైలు సంచిని
ఈ చేతినించి ఆ చేతికి మార్చుకుంటా
అట్లే నిలబడిపోయినాడు.

కన్నెమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.
"ఆయన పోయినాడు. కేసు తగ్గింది. సరే.
నేను తగ్గలా. కొట్టు."

దాన్ని రద్దు చెయ్యమని అడిగేదానికి
అరవై రోజులు గడువు.
వేళ్ల మీద లెక్కేసినాను, ఇంకా పదకొండుండాయి.
కాగితం ఎక్కించి మార్జిను సరిచేస్తా ఉంటే
దొరసామి గొంతు తగ్గించి అడిగినాడు:
"నాకూ ఒక కాపీ పడేట్టు చూడు."

కార్బన్ పెట్టినాను.