మూడో కాలేజీ

మొదటి కాలేజీ వాళ్ళు మనకి కాఫీ ఇచ్చారు, గుర్తుందా డెష్వాన్?
గాజుమేడ, లోపల నిజమైన చెట్టు.
చెట్టుకింద సోఫాలో కూచుని ఆ అమ్మాయి
ఏడాదికి అరవై రెండు వేల డాలర్లంది,
పక్కింటి పిల్లి పేరు చెప్పినంత తేలిగ్గా.
నేను కప్పు కింద పెట్టేశాను,
తాగితే దానిక్కూడా బిల్లు వేస్తారేమోనని.

గ్యారీలో పంతొమ్మిదేళ్ళుగా స్కూలు బస్సు తోలుతున్నాను.
మంచు పడ్డాక బ్రేకు ఎక్కడ పట్టదో నాకు తెలుసు.
అప్పుకాగితం మీద సంతకమూ అలాంటి మలుపే.
నీకు పదిహేడేళ్ళు,
నీకా రోడ్డు తెల్లగా, అందంగా మాత్రమే కనిపిస్తుంది.

రెండోది చికాగోలో.
పార్కింగుకే ఇరవై ఎనిమిదన్నారని కారు ఇంట్లో వదిలి
రైలు దిగి పదకొండు వీధులు నడిచాం.
స్కాలర్‌షిప్పు ఉందన్నారు.
ఉంది, ఏనుగు దాహానికి చూరునీళ్ళంత.

తిరుగు రైల్లో నువ్వు మాట్లాడలేదు.
కరెంటు బిల్లు కవరు వెనక నేను లెక్క వేస్తూ కూచున్నాను.
ఫీజు, గది, తిండి, లెన్సు అద్దె,
"ఇతర ఖర్చులు" అని ఇంకో వరస,
అన్నిటికంటే అదే పొడుగు.
మీ నాన్న ట్రక్కులోంచి ఫోన్ చేసి
ఒకటే అడిగాడు: చదివితే పని దొరుకుతుందా అని.
సొరంగం వచ్చింది, వినబడ్డం లేదన్నాను.
అక్కడ సొరంగమే లేదు.

మూడోది మనూళ్ళోనే. ఒకప్పుడు టైర్ల గోడౌను.
గుమ్మం మీద పేరులో ఒక అక్షరం ఊడిపోయింది.
ఒక్కో క్రెడిట్‌కి నూట అరవై.
నువ్వు కారు దిగనన్నావు.
"ఇక్కడేం నేర్పుతారత్తా, టైరు మార్చడమా?"
నేను ఇంజను ఆపేశాను. దాంతోపాటే హీటరూ.
నాలుగు నిమిషాల్లో నువ్వే దిగావు.

ఇనప బీరువాలో ఆరు కెమెరాలు,
ఒకదాని పిడికి నల్లటేపు చుట్టి ఉంది.
వాటికి కాపలా విల్బర్ట్ ఓక్స్,
ఉక్కు మిల్లులో క్రేను నడిపి మానేసినాయన.
నీ మొహం చూడలేదు, నీ చేతులు చూశాడు.
డైరెక్షన్ క్లాసు నిండిపోయిందట.
సౌండు క్లాసులో మూడు సీట్లున్నాయి,
మంగళ, గురువారాలు, రాత్రిళ్ళు.
నీ మూతి ఎలా తిరిగిందంటే
చేదుమాత్ర మింగించినట్టు.

ఆయన బతిమాలలేదు.
నీ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి
పొడుగు కర్రకి కట్టిన మైకు
కిటికీలోంచి బయటికి చాచాడు.

నాకేమీ వినబడలేదు. నిన్నే చూస్తున్నాను.
ముందు నీ కనుబొమలు కదిలాయి,
తర్వాత నోరు కొద్దిగా తెరుచుకుంది.
ఎంతసేపటికో నా వైపు తిరిగి
"మన కారు చల్లారుతోందత్తా,
టిక్కు టిక్కుమంటోంది" అన్నావు,
చెవులు మూసుకున్నవాడివి కాబట్టి గట్టిగా,
గదంతా వినబడేలా.

లెక్క ఇంకా తేలలేదు, అబద్ధం చెప్పను.
రెండేళ్ళయ్యాక పెద్ద కాలేజీ ఈ క్రెడిట్లు తీసుకుంటుందా
అంటే "తీసుకుంటుంది" అంది ఆఫీసులో ఆవిడ,
"అన్నీ కాదు" అని గొంతు తగ్గించి.
ఆ చిన్న గొంతు కవరు మీద రాసుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం పొద్దున
నా బస్సు చివరి సీట్లో మైకు పట్టుకుని కూచుంటావు.
సూపర్‌వైజరుకి తెలిస్తే నా పని అయిపోతుంది.
అద్దంలో చూస్తూ నేను అలవాటుగా
"నోళ్ళు ముయ్యండి!" అని అరుస్తాను,
నలభై ఇద్దరు పిల్లలు, నలభై ఇద్దరూ కాకులే.
నువ్వు వెనకనించి చెయ్యి ఊపుతావు,
వద్దు, అరవనీ,
అరవనీ అత్తా.